మందుల బండిలో కాపురం

ఇప్పుడు మిమ్మల్ని ఫార్మసిస్టులంటున్నారు. మమ్మల్ని కాంపౌండర్లనేవారు. ఫ్యాను కింద కూర్చుని కిటికీలోంచి మాత్రలందించే మీకు, నేను పద్నాలుగు నెలలు ఒక బండిలో పడుకుని, అందులోనే వండుకుని, అందులోనే మందులు కలిపానంటే నమ్మకం కుదరకపోవచ్చు. నాకు కూడా ఒక్కోసారి కుదరదు. కానీ ఇప్పటికీ నడుం ఎడమవైపు పట్టేసినప్పుడల్లా ఆ బండి నిజమేనని గుర్తొస్తుంది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మూటలు కట్టుకుంటున్న కాలమది. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఆస్పత్రి లేని ఊళ్ళ కోసం ఒక సంచార వైద్యశాల మంజూరైంది. మంజూరు కాగితంలో డాక్టరు ఉన్నాడు, కాంపౌండరు ఉన్నాడు, డ్రైవరు ఉన్నాడు, వాహనం ఉంది. ఈ ముగ్గురూ ఎక్కడ పడుకోవాలో, ఏం తినాలో మాత్రం లేదు. మా డాక్టరు గారు బస ఏర్పాటు కోసం అర్జీ పెట్టారు. అది కర్నూలులో ఏ బీరువా అడుగున పడి హైదరాబాదు వెళ్ళిందో గానీ, నేను రిటైరయ్యే నాటికి కూడా జవాబు రాలేదు. నెలకు ఇరవై అయిదు రోజులు ఊళ్ళలోనే ఉండాలని ఉత్తరువు. ఉత్తరువు మాత్రం తప్పిపోకుండా చేరింది.

బండి పాత మిలిటరీ అంబులెన్సు. లోపల ఎదురెదురుగా రెండు పడకలు, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి, పైన మందుల అరలు. నిలబడితే తల తగులుతుంది. ఒక పడక డాక్టరు గారిది, రెండోది నాది. డ్రైవరన్న ముందు సీటులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకునేవాడు. ఆయనది గోస్పాడు దగ్గర పల్లె, సేద్యగాళ్ళ కుటుంబం. యుద్ధంలో లారీ తోలి వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఏ ఇబ్బంది చెప్పినా, "బర్మాలో ఇంతకన్నా గోసగా ఉండె" అని కొట్టిపారేసేవాడు. మా డాక్టరు గారు కృష్ణా జిల్లా వారు, ముప్పై ఏళ్ళ బ్రహ్మచారి, మెత్తటి మనిషి. "అండీ" లేకుండా కుక్కను కూడా అదిలించరు.

బండిలో బతకడంలో మొదటి కష్టం ఎండ కాదు, ఇరుకు కాదు. చాటు లేకపోవడం. పొద్దున లేచి పళ్ళు తోముకుంటుంటే చుట్టూ ఇరవైమంది కూర్చుని చూసేవారు. ఊరివాళ్ళకు మేం సర్కసు కన్నా నయం, అది సాయంత్రమే, మేం పొద్దంతా. డాక్టరు గారు చెంబు పట్టుకుని చేలవైపు బయల్దేరితే వెనకాలే ఎవడో ఒకడు, "సారూ, మోకాలు పీకతాండాది, రోంత చూడు" అంటూ నడిచేవాడు. ఆయన మర్యాద కొద్దీ కాదనలేరు. చెంబు కింద పెట్టి మోకాలు చూసేవారు. ఇంతలో ఇంకొకడొచ్చి భుజం చూపేవాడు. ఆ తర్వాత తర్వాత ఆయన రోజుకొక దిక్కుకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఏ రోజు ఏ దిక్కో నాకు కూడా చెప్పేవారు కాదు.

రెండో కష్టం తిండి. వంట నా వంతుకొచ్చింది. మందులు కొలిచి కలిపేవాడికి పప్పు ఒక లెక్కా అని డాక్టరు గారి వాదన. సిరంజిలు ఉడికించే స్టవ్వు మీదే అన్నం వండేవాణ్ణి. ఏం వండినా లైజాల్ వాసన వచ్చేది. బెల్లం కూడా అయొడిన్ వాసన వచ్చేది. డ్రైవరన్న మాత్రం మారుమాట్లాడకుండా తినేవాడు, బర్మా పుణ్యమా అని.

నా వంటకు అసలు పరీక్ష దొర్నిపాడు దగ్గర జరిగింది. ముసురు పట్టిన వారం. ఊరికి అరమైలు ఇవతల బండి రేగడిలో దిగబడింది. ఆ నేల సంగతి తెలియనివారికి చెబుతున్నాను, అది బురద కాదు, బంక. చక్రం తిరిగిన కొద్దీ కిందికి పోతుంది. రెండు జతల ఎద్దుల్ని కట్టి లాగితే బంపరు ఊడి వచ్చింది, బండి రాలేదు. నేల ఆరేదాకా అక్కడే ఉండాలన్నారు. నాలుగు రోజులున్నాం. పొయ్యి వెలిగించే చోటు లేక, బండిలోనే ఒక మూల జొన్నపిండి ఉడకబెట్టి సంగటి అనే పేరుతో పెట్టాను. అది సగం ఉడికిందో, అసలు ఉడకలేదో నాకిప్పటికీ తెలియదు. ఆ సాయంత్రానికే డాక్టరు గారికి విరేచనాలు పట్టుకున్నాయి.

మరునాడు పొద్దున ఊరివాళ్ళు మోకాలి లోతు బురదలో నడిచి వైద్యానికి వచ్చారు. బండి తలుపు తీస్తే పడక మీద డాక్టరు గారే మూలుగుతూ ఉన్నారు. ముందు నిలబడిన రైతు వెనక్కి తిరిగి, "ఈయప్పకే బాగలేదు, మనకేం బాగుచేస్తాడు, పాండి పాండి" అన్నాడు. సగంమంది వెళ్ళిపోయారు. ఒక ముసలాయన మాత్రం ఇంటికిపోయి దానిమ్మ తొక్క కషాయం కాచుకొచ్చి, డాక్టరు గారి తలపట్టి తాగించాడు. అది పనిచేసిందో, మా మాత్రలే పనిచేశాయో చెప్పలేను. రెండో నాటికి ఆయన లేచి కూర్చున్నారు. ఆ ముసలాయన ఆ తర్వాత ఆరు నెలలు, పెద్ద డాక్టరుకు మందిచ్చి నిలబెట్టినానని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా చెప్పుకున్నాడు. మేం ఏ ఊరెళ్ళినా మాకన్నా ముందు ఆ కబురు ఉండేది.

నేల ఆరింది, బండి బయటపడింది. డ్రైవరన్న నావైపు చూసి, "బర్మాలో కూడా ఇట్లాటి సంగటి తినలేదప్పా" అన్నాడు. మర్నాడు బస్సెక్కి ఊరికి పోయి, సాయంత్రానికి భార్యను వెంటబెట్టుకొచ్చాడు. "రెండు దినాలుంటాది సారూ. పిల్లోనికి వంట నేర్పిచ్చి పోతాది" అన్నాడు. పిల్లోడంటే నేనే. నాకప్పటికి ఇరవై మూడు.

ఆమె ఒక ఇనప్పెట్టె, ఒక చిన్న రుబ్బురోలు, కాళ్ళు కట్టిన రెండు కోడిపెట్టలతో దిగింది. డాక్టరు గారు రోలును చూసి బెదిరిపోయారు.

"అమ్మా, ఇది ప్రభుత్వ వాహనమండీ. రోలు పెట్టకూడదు."

"రోలు లేంది కాపురమెట్ల సారూ?"

"ఇది కాపురం కాదు కదండీ."

"ఈడనే పండుకుంటాండారు, ఈడనే తింటాండారు. కాపురానికి ఇంకేం కావల్ల?"

డాక్టరు గారు తలుపు దగ్గరనుంచి పక్కకు తప్పుకున్నారు. ఆ ప్రశ్నకు వైద్య కళాశాలలో జవాబు చెప్పి ఉండరు. రోలు లోపలికి వచ్చింది.

ఆమెను నేను వదినా అనేవాణ్ణి. వచ్చిన రోజే బండిలో ఏర్పాట్లు మారిపోయాయి. పడకలు రెండూ చూసి, "ఆడమనిషి లోపల పండుకుంటాది, మగోళ్ళు బయట" అంది. అలా సర్కారు వారి డాక్టరు, కాంపౌండరు, డ్రైవరు ముగ్గురూ బండి పక్కన టార్పాలిన్ కిందికి వచ్చాం. నిజం చెప్పాలంటే అక్కడ గాలి బాగా ఆడేది. వంట పొయ్యి మందులకు ఇరవై అడుగుల దూరం వెళ్ళింది. నీళ్ళ కడవ ఒకటి మాకు, ఒక డబ్బా బండికి, రెండూ ఎప్పుడు చూసినా నిండుగా ఉండేవి. రెండు పాత చీరలతో చాటు కట్టింది. మూడు నెలల తర్వాత మేం మనుషుల్లాగా స్నానం చేశాం. డాక్టరు గారు చెంబు పట్టుకుని బయల్దేరితే, వెంటపడే వాళ్ళను ఆమె దారిలోనే ఆపి, "యాడికప్పా? ఆయప్పను రోంత పోనియ్యండి" అనేది. ఆయనకు ఆమె మీద భక్తి కుదరడానికి ఆ ఒక్కటి చాలింది.

రెండు రోజులు రెండు నెలలయ్యాయి. వంట నేర్చుకోవడంలో నేను చాలా మందకొడినని డ్రైవరన్న అందరికీ చెప్పేవాడు.

ఇంతదాకా నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు చెప్పేది నవ్వు కాదు.

దొర్నిపాడు పక్క పల్లెలో ఒక పిల్లతల్లి మా దగ్గరకు మూడుసార్లు వచ్చింది. ఏం బాధ అంటే తలనొప్పి అంది. మూడుసార్లూ ఆస్ప్రిన్ ఇచ్చి పంపాం. మూడోసారి ఆమె మందు తీసుకుని పోతుంటే వదిన రుబ్బడం ఆపి చూసింది. చంకలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఎంత ఏడ్చినా ఆమె బిడ్డను కుడివైపే ఎత్తుకుంటోంది, ఎడమవైపుకు రానివ్వడం లేదు. వదిన చేతులు కడుక్కుని వెళ్ళి, ఆమె భుజం మీద చెయ్యివేసి చీరల చాటుకు తీసుకుపోయింది. అయిదు నిమిషాల తర్వాత బయటకు వచ్చి, "సారూ, తలకాయకు కాదు నొప్పి. రొమ్ములో గడ్డ లేచింది. పది దినాలయిందంట. ఒళ్ళు పెనంమాదిరి కాలతాంది" అంది.

డాక్టరు గారు ఆ చాటులోనే గడ్డ కోసి చీము తీశారు. వదిన ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. పెన్సిలిన్ సూదుల కోసం నాలుగు రోజులు బండిని అక్కడే ఉంచాం. అయిదో రోజుకు జ్వరం దిగింది. బిడ్డ ఏడుపు ఆపి నిద్రపోయింది. ఆ సాయంత్రం డాక్టరు గారు రిజిస్టరు తీసి ఆమె పేరు వెతికారు. తర్వాత, "మూడుసార్లు చూశానయ్యా. మూడుసార్లూ తలనొప్పేనని రాసుకున్నాను" అన్నారు. మాత్రలు ఇచ్చింది నేనే.

ఆనాటినుంచి పద్ధతి మారింది. ఆడవాళ్ళు ముందు రోలు దగ్గరకు వెళ్ళేవారు. ఆమె ఉల్లిపాయలు తరుగుతూనో, పొడి దంచుతూనో విని, ఒక్కొక్కరినీ పంపుతూ, "ఈమెకు కడుపులో దేవుతాంది, మూడో నెల. ఈమె అత్త కూడు పెట్టదంట, దానికి నీ దగ్గర మందు లేదు, నేను మాట్లాడతా" అని చెప్పేది. మా రిజిస్టరులో ఆడరోగుల సంఖ్య మూడింతలైంది. ఆ సంఖ్యే మా కొంప ముంచింది. ఇంతమంది ఎక్కడినుంచి వచ్చారు, దొంగలెక్క రాస్తున్నారా అని పై ఆఫీసులో ఎవరికో అనుమానం వచ్చింది.

వదిన వచ్చి అయిదో నెల, ఆళ్ళగడ్డలో మకాం. ఎండాకాలం, పొద్దున పది గంటలు. జీపు వచ్చి ఆగింది. అందులోంచి పై అధికారి దిగాడు. ముందుగా కబురు లేదు. ఆ సమయానికి బండి ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెబుతాను. అద్దానికి, పక్కనున్న స్తంభానికి మధ్య తాడు, తాడు మీద చీర, డాక్టరు గారి బనీన్లు. వెనక చక్రానికి కట్టిన రెండు పెట్టలు, వాటిలో ఒకటి గుడ్డు పెట్టే ప్రయత్నంలో ఉంది. మెట్టు మీద రోలు. డాక్టరు గారి ముఖానికి సగం సబ్బు నురగ. నేను మందుల త్రాసులో శనగపప్పు తూస్తున్నాను. పొడికి నాలుగుపాళ్ళు కావాలని వదిన అడిగితే, కొలత పక్కాగా ఉండాలని తూస్తున్నాను. డ్రైవరన్న బండి కింద పడుకుని ఉన్నాడు, మరమ్మతు కోసం కాదు, నీడ కోసం.

అధికారి చుట్టూ ఒకసారి చూశాడు. త్రాసు చూశాడు. చివరికి రోలు ముందున్న మనిషి మీద చూపు ఆపి, "ఎవరీమె?" అన్నాడు.

ముగ్గురం ఒక్కసారే జవాబిచ్చాం. డాక్టరు గారు "రోగి అండీ" అన్నారు. నేను "ఆయా సార్" అన్నాను. బండి కిందనుంచి డ్రైవరన్న, "నా పెండ్లాము" అన్నాడు.

"ముందు ముగ్గురూ ఒక మాట మీదికి రండి" అన్నాడు అధికారి.

వదిన పొత్రం పక్కన పెట్టి లేచి నిలబడింది. "ముగ్గురు చెప్పిందీ ఒగటే సారూ. ఆయప్పకు పెండ్లాన్ని. ఈ ముగ్గురికీ ఆయాను. వీళ్ళతో పడీపడీ రోగినైతిని" అంది.

వరసలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అధికారి నవ్వలేదు. ఆయన చెడ్డమనిషేం కాదు, కాగితం మనిషి. ప్రభుత్వ వాహనంలో అనధికార వ్యక్తి ఉండరాదని, గంటలో ఖాళీ చెయ్యాలని, మరోసారి కనబడితే బండిని కర్నూలుకు పిలిపించి పథకమే మూసేస్తానని చెప్పాడు. డాక్టరు గారి ముఖం మీద నురగ ఎండిపోయింది. వదిన రోలు కడిగి పెట్టింది. పెట్టె సర్దుకుంది, పెట్టల్ని విప్పుకుంది. రోలు డ్రైవరన్న భుజం మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ బస్సుల వైపు నడిచారు. ఆయన ఒక్కడే తిరిగివచ్చాడు. అధికారి కుర్చీ వేయించుకుని, "ఇప్పుడు మీ వైద్యం చూస్తాను, మొదలుపెట్టండి" అన్నాడు.

మొదటి ఆమె వచ్చింది. "ఏం బాధమ్మా?" "తలనొప్పి సారూ." రెండో ఆమె వచ్చింది. "తలనొప్పి." మూడో ఆమె, తొమ్మిది నెలల గర్భిణి, కడుపు రెండు చేతులతో పట్టుకుని, "తలనొప్పి" అంది. పదమూడో ఆమెకు ఆస్ప్రిన్ అయిపోయింది. అధికారి లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా డాక్టరూ, ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తలనొప్పేనా?"

ఎన్నడూ ఎదురు మాట్లాడని డాక్టరు గారు, "మీరు వచ్చినప్పటినుంచేనండీ" అన్నారు. అని, తానన్న మాటకు తానే భయపడి, దొర్నిపాడు పిల్లతల్లి సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పారు. మూడు తలనొప్పులనూ రిజిస్టరు తీసి చూపించారు. తన తప్పును పై అధికారికి తానే వేలుపెట్టి చూపించిన మనిషిని నా ఉద్యోగంలో నేను మళ్ళీ చూడలేదు.

వరసలో ఉన్న ఒక అవ్వ ముందుకు వచ్చింది. "ఆ యమ్మ యాడికి పాయ? మేము ఆ యమ్మకు చెప్పుకుంటాము. మగోళ్ళకు ఏందని చెప్పేది?"

అధికారి చాలాసేపు రిజిస్టరు తిరగేశాడు. తర్వాత తనిఖీ పుస్తకంలో రాశాడు. "అనధికార వ్యక్తులెవరూ ఈ వాహనంలో ప్రయాణించరాదు, నివసించరాదు." పెన్ను మూస్తూ, "వాహనంలో, అని రాశాను. చదువుకోండి" అని డాక్టరు గారి చేతికిచ్చి జీపెక్కాడు. ఆ ఒక్క ముక్కను ఆయన ఎందుకు ఒత్తి పలికాడో మాకు ముగ్గురికీ ఆ పూట బుర్రకెక్కలేదు.

మర్నాడు చాగలమర్రికి బయల్దేరాం. సగం దారిలో బండి ముందు భాగంనుంచి ఆవిరి లేచింది. డ్రైవరన్న దిగి నీళ్ళ డబ్బా తీస్తే ఖాళీ. కడవ చూస్తే అదీ ఖాళీ. అయిదు నెలలుగా ఆ రెండూ వాటంతటవే నిండుతున్నాయని మేం ముగ్గురం అనుకున్నట్టుంది. నెత్తిన ఎండ, కనుచూపు మేరలో బావి లేదు. డాక్టరు గారు తనిఖీ పుస్తకాన్ని గొడుగులాగా పట్టుకున్నారు.

వెనకనుంచి బస్సు వచ్చింది. మమ్మల్ని దాటి ఇరవై గజాల దూరంలో ఆగింది. కిటికీలోంచి వదిన తొంగిచూసింది. ఆమె ఒళ్ళో కడవ ఉంది, కాళ్ళ దగ్గర పెట్టలు అరుస్తున్నాయి. గోస్పాడుకు పోవాల్సిన మనిషి ఎదురుదిక్కు బస్సులో ఎలా ఉందా అని నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"నీళ్ళు పోసుకోలేదు గదా?" అంది. ముగ్గురం తల వంచుకున్నాం. కడవ కిందికి అందించింది. "ముందు బండికి పోయండి. మిగిలింది తాగండి. తారుమారు చేసేరు" అని, కండక్టరుకేసి తిరిగి, "పోనియ్యప్పా" అంది. బస్సు వెళ్ళిపోయింది.

మేం చాగలమర్రి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఊరి మొదట్లో, ఒక రైతు కొట్టం వసారాలో పొయ్యి వెలుగుతోంది. రోలు దిగింది. ఆడవాళ్ళు రెండు వరసల్లో కూర్చుని ఉన్నారు.

"ఈ వరస జ్వరాలు. ఆ వరస చెప్పుకోలేనివి. బేగా రాండి సారూ, పొద్దునించి కూచోండారు" అంది వదిన.

డాక్టరు గారు తనిఖీ పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివారు. వాహనంలో. మొదటిసారి గట్టిగా నవ్వారు.

ఆ తర్వాత ఆరు నెలలు అలాగే గడిచాయి. బండిలో మేం, బస్సులో ఆమె. బస్సు పోని ఊళ్ళకు ఎద్దులబండి ఎక్కేది. ఎక్కడికి వెళ్ళినా మాకన్నా ముందే ఉండేది. ఎవరి వసారానో అడిగి కాపురం పెట్టేది. చివరి నెలలో పై నుంచి కాగితం వచ్చింది. సంచార వైద్యశాలకు ఒక మహిళా సహాయకురాలి ఉద్యోగం మంజూరైందని, ప్రస్తుతం సేవ చేస్తున్న వ్యక్తినే నియమించవచ్చని. కింద ఆ అధికారి సంతకం. డాక్టరు గారు చదివి వినిపించారు. "ఇక మీరు అధికార వ్యక్తి అమ్మా. దర్జాగా బండిలో రావచ్చు."

ఆమె వేలిముద్ర వేసింది. బండిని ఆ చివరనుంచి ఈ చివరదాకా చూసింది. "ఉద్యోగం చేస్తా సారూ. ఆ డబ్బాలో మాత్రం కూచోను. బస్సులో అయితే గాలి వస్తాది" అంది.

మర్నాడు నంద్యాల దారిలో బస్సు మమ్మల్ని దాటింది. ముందు సీటులో ఆమె. డ్రైవరన్న సంబరంగా మూడుసార్లు హారన్ కొట్టాడు. ఆమె తల తిప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ వెళ్ళిపోయింది. ఊళ్ళో దిగాక అడిగాను.

"ఏం వదినా, అన్న అంతగా హారన్ కొడితే ఒక్కసారన్నా చూడలేదేం?"

పైట సర్దుకుంటూ చెప్పింది.

"డ్యూటీలో ఉండా గదప్పా."